మాలకొండ మెట్ల మీద మా అయ్యవారు

కందుకూరు దగ్గరి మాలకొండ మీద వెలసిన నరసింహస్వామి దర్శనం వారంలో ఒక్క శనివారమే. మిగతా ఆరు రోజులూ దేవతలూ ఋషులూ వచ్చి కొలుచుకుంటారనీ, మనుషుల వంతు శనివారమనీ మా వైపు నమ్మకం. అందుకే ఆ రోజు తెల్లారేసరికి కందుకూరు బస్టాండులో కాలు పెట్టే సందు ఉండదు. ఈ చుట్టుపక్కల ఏ ఊళ్లో నిలబడి 'మాలకొండయ్యా' అని కేకేసినా ఇద్దరు ముగ్గురు తిరిగి చూస్తారు. మాల్యాద్రులు, మాలకొండమ్మలు సరేసరి. మా క్లాసులో హాజరు వేసేటప్పుడు ఇంటిపేర్లతో సహా పిలవాల్సి వచ్చేది.

అలా పిలిచిన మా తెలుగు అయ్యవారు పోయిన ఏడాది కాలం చేశారు. ఏటా ఒక శనివారం మమ్మల్ని వెంటేసుకుని కొండకు వచ్చేవారు. ఈసారి అమ్మగారిని తీసుకుని పాత విద్యార్థులం కొందరం బయల్దేరాం.

అయ్యవారితో కొండెక్కాలంటే ఓపిక కావాలి. నాలుగడుగులకోసారి ఆగేవారు. ఆయాసంతో కాదు, ఎవరో ఒకరిని ఏదో ఒకటి అడగడానికి. ఒక ఏడు పూలమ్మే ఆవిడ పక్కన చతికిలబడి దండ కట్టడం నేర్పమన్నారు. తడిపిన అరటినారను ఎడమచేతి వేళ్ల మధ్య బిగించి, రెండు మల్లెలు అటు, రెండు ఇటు పెట్టి, నార మెలేసి లాగాలి. ఈయన లాగితే పూలు ఒళ్లో రాలిపోయేవి. "అంత గట్టిగా లాగబాక సామీ, కాడలు తెగతాయి" అని ఆవిడ కసురుకుంది. బళ్లో మమ్మల్ని గడగడలాడించిన మనిషి బుద్ధిగా తలూపారు. మేం దర్శనం చేసుకుని వచ్చేసరికి జానెడు దండ తయారైంది. అదేమంత బాగా లేదు గానీ ఆయన మొహం చూడాలి!

రిటైరయ్యాక ఆయన పట్టుకున్న అసలు పని శాసనాల లిపి. నెల్లూరు జిల్లా శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి 1905లో మూడు సంపుటాలుగా వేశారు. వాటిని జిరాక్స్ తీయించుకొచ్చి వరండా నిండా పరిచారు. అప్పట్లో కందుకూరు నెల్లూరు జిల్లాయే కదా (1970లో ఒంగోలు జిల్లా పుట్టాక అటు పోయింది, 2022లో మళ్లీ నెల్లూరులో కలిపారు), మన ఊళ్లన్నీ ఇందులోనే ఉంటాయని సంబరపడేవారు. పాత అక్షరాలు నేర్పింది మాత్రం మా వాడొకడు. చిన్నప్పుడు ఆయన చేతిలోనే తెలుగులో తప్పాడు, తర్వాత చరిత్ర చదివి కాలేజీలో పాఠాలు చెబుతున్నాడు. వాడు గుమ్మంలోకి రాగానే అయ్యవారు కుర్చీలోంచి లేచి నిలబడేవారు. వాడికి చచ్చేంత టెన్షన్. వద్దని బతిమాలినా వినలేదు. "ఇప్పుడు నువ్వు చెప్పేవాడివి, నేను వినేవాణ్ణి" అనేవారు.

848 నాటి అద్దంకి శాసనాన్ని ఆయన ఏళ్ల తరబడి మాకు పాఠంగా చెప్పారు. తూర్పు చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుడి సేనాని పండరంగడి విజయాలు చెప్పే తరువోజ పద్యం అది. చివరి పాదంలో 'కందుకూర్బెజవాడ గావించె మెచ్చి' అని వస్తుంది. కందుకూరును బెజవాడంత చేశాడని దానికి అర్థం చెబుతారు. రోజూ బస్సెక్కే ఊరి పేరు ఆ రాతి మీద ఉంది. దాన్ని అచ్చు పుస్తకంలో కాకుండా, ఆ కాలపు అక్షరాల్లోనే తన కళ్లతో చదవాలన్నది ఆయన పంతం. అప్పటి 'క' ఇప్పటి 'క'లా ఉండదు. కళ్లద్దాల మీద భూతద్దం పెట్టుకుని, ఫోటోలో ఆ ఊరి పేరు దొరికిన సాయంత్రం వీధిలో వాళ్లందరినీ పిలిచి చూపించారట. సగం మందికి అది గీతల్లాగే కనపడింది.

స్వామి దర్శనమయ్యాక పైన అమ్మవారి గుడికి వెళ్లాం. అమ్మవారు అలిగి వెళ్తుంటే కొండ చీలి దారిచ్చిందంటారు. బండల మధ్య సందులో పక్కకు తిరిగి నడవాలి. చల్లటి రాయి వీపుకు రాసుకుంటుంది. ఒకసారి ఇక్కడే చీమకుర్తి గ్రానైట్ క్వారీలో పనిచేసే ఒకాయన అయ్యవారికి దొరికాడు. వరసగా చిల్లులు వేసి, వాటిలో ఉక్కు ముక్కలు దిగ్గొట్టుకుంటూ పోతే ఎంత బండైనా గీత గీసినట్టు విడిపోతుందని చేత్తో చూపిస్తూ చెప్పాడు. వెనక వస్తున్న ముసలమ్మ అమ్మవారి అలక కథ ఎత్తుకుంది. అయ్యవారు ఇద్దరు చెప్పిందీ విన్నారు, ఇద్దరినీ ప్రశ్నలడిగారు. వెనక జనం తోసుకుంటున్నా కదలరే!

"అందరి దగ్గరా అన్నీ నేర్చుకున్నాడు, నా దగ్గర కాఫీ పెట్టుకోవడం మాత్రం నేర్చుకోలా" అన్నారు అమ్మగారు, సందు దాటి కొంగు సర్దుకుంటూ. అదీ నిజమే. ఆ ఇంట్లో వంటగది వైపు ఆయన కుతూహలం ఎప్పుడూ మళ్లలేదు.

కిందికొచ్చాక, పొంగళ్లు పెట్టుకునేవాళ్ల పొగకు దూరంగా చెట్టు కింద కూర్చున్నాం. అమ్మగారు సంచిలోంచి ఆ జిరాక్స్ కట్ట తీసి మా చరిత్ర లెక్చరర్ చేతిలో పెట్టారు. అంచుల నిండా ఎర్ర సిరాతో ప్రశ్నార్థకాలే. వాడు పేజీలు తిప్పుతూ, "వీటిల్లో సగం నాకూ తెలీదమ్మా" అన్నాడు.

"తెలిసినవాళ్లని అడుగు. నిన్ను అడగడానికి ఆయన సిగ్గుపడ్డాడా?" అంటూ ఆవిడ పులిహోర పొట్లాలు పంచడం మొదలుపెట్టారు.