నీటిలో మొక్కలు పెంచడమే వృత్తిగా: డెల్టాలో నా అనుభవం

మట్టి లేకుండా, నీటిలో కరిగించిన పోషకాలతో మొక్కలు పెంచడాన్నే, అంటే హైడ్రోపోనిక్స్‌నే జీవనాధారం చేసుకుంటానని చెప్పినప్పుడు, గోదావరి ఒండ్రు నేలలో పుట్టి మట్టి వద్దనడం ఏమిటని నాన్నగారు అడిగారు. ఆ ప్రశ్న సహేతుకమైనదే. వరికీ కొబ్బరికీ ఈ నేలను మించినది లేదు, హైడ్రోపోనిక్స్ వాటికి ప్రత్యామ్నాయం కాబోదు. అయితే పాలకొల్లు పరిసరాల్లో మా పొలం చుట్టూ రొయ్యల చెరువులు వచ్చాక మా మెరకకు ఉప్పు ఎక్కి, పెరటి తోటకూర కూడా ఆకు అంచులు మాడి ఎదుగూ బొదుగూ లేకుండా ఉండేది. ఆ కాస్త చెక్కలో మట్టితో తలపడడం కంటే మట్టి అవసరం లేని పంట వేయడమే దారి అని నాకు తోచింది. నాన్నగారికి నేను చెప్పిన సమాధానం కూడా అదే.

వెంకటరామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయంలో బి.ఎస్సీ. చదువుతున్నప్పుడే ఈ పద్ధతి చరిత్ర మీద నాకు ఆసక్తి కలిగింది. 1860ల్లో జర్మనీ శాస్త్రవేత్తలు జూలియస్ సాక్స్, విల్‌హెల్మ్ నాప్ కేవలం లవణాలు కలిపిన నీటిలో మొక్కల్ని పెంచి చూపారు. 1929 నుంచి కాలిఫోర్నియాలో విలియం గెరికే అదే సూత్రంతో టమాటాలు పండించి, దాన్ని ప్రయోగశాల దాటించారు. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం 1946లో డార్జిలింగ్ దగ్గరి కలింపాంగ్ ప్రాంతంలో షోల్టో డగ్లస్ చేసిన పని. ఖరీదైన పరికరాల జోలికి పోకుండా, అక్కడ దొరికే కంకర, ఇసుకలతో, సామాన్యులు చేసుకోగలిగే తీరులో ఆయన ఈ సాగును రూపొందించారు. స్థానికంగా దొరికేదానితోనే పని మొదలుపెట్టాలన్న ఆలోచన నాకు అక్కడి నుంచే వచ్చింది.

చదువు పూర్తయ్యాక హైదరాబాద్ శివార్లలోని ఒక హైడ్రోపోనిక్ క్షేత్రంలో ఉద్యోగంలో చేరాను. ఈ రంగంలోకి రావాలనుకునేవారు సొంత డబ్బు పెట్టే ముందు కనీసం ఒక ఎండాకాలం, ఒక వానాకాలం ఎక్కడైనా జీతానికి పనిచేయాలన్నది నా గట్టి అభిప్రాయం. వారాంతపు శిక్షణల్లో పైపులు ఎలా బిగించాలో నేర్పుతారు, కానీ పైపులు బిగించడం ఒక్కసారి చేసే పని, రోజూ చేయాల్సింది నీటిని పరీక్షించడం. నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని ఈసీ మీటరు చూపిస్తుంది, ఆమ్లత్వాన్ని పీహెచ్ మీటరు చూపిస్తుంది. చాలా ఆకుకూరలకు పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి, అంతకంటే పెరిగితే ఇనుము ట్యాంకులో ఉన్నా వేరుకు అందక లేత ఆకులు పసుపు పచ్చబడతాయి.

అంకెను చూడడం ఒకరోజులో వస్తుంది, అది ఎందుకు మారిందో గ్రహించడానికి మాత్రం కాలం పడుతుంది. ట్యాంకులో మట్టం తగ్గి ఈసీ పెరిగిందంటే మొక్కలు పోషకాల కంటే నీటిని ఎక్కువ తాగాయని అర్థం, అప్పుడు మంచినీరు కలిపితే సరిపోతుంది. మట్టంతో పాటు ఈసీ కూడా పడిపోయిందంటే మొక్క ఆకలిగా ఉన్నట్టు. మొక్క నైట్రేట్‌ను తీసుకునేకొద్దీ పీహెచ్ పైకి పాకుతుంది, అమ్మోనియం తీసుకుంటే కిందికి దిగుతుంది. ఇవన్నీ పుస్తకంలో ఉన్నవే. అయినా ఉదయాన్నే నోట్‌బుక్‌లో నిన్నటి అంకె పక్కన ఇవాళ్టి అంకె రాసుకుంటూ పోతేనే అవి మన తెలివిలో భాగమవుతాయి.

ఎరువులు కలిపే పని గురించి కాస్త వివరంగా చెప్పాలి. చిక్కటి ద్రావణాలను రెండు వేర్వేరు డ్రమ్ముల్లో ఉంచుతాము. మొదటి దానిలో కాల్షియం నైట్రేట్, చీలేట్ రూపంలోని (అంటే నీటిలో కరిగే ఉండేలా చేసిన) ఇనుము ఉంటాయి. రెండో దానిలో మెగ్నీషియం సల్ఫేట్, మోనో పొటాషియం ఫాస్ఫేట్, పొటాషియం నైట్రేట్, మిగతా సూక్ష్మపోషకాలు ఉంటాయి. కొత్తవారికి ఇది నేర్పేటప్పుడు రెండు డ్రమ్ముల నుంచీ చెరో చెంచా గాజు గ్లాసులో పోసి చూపిస్తాను. అప్పటిదాకా తేటగా ఉన్న నీరు చూస్తుండగానే తెల్లగా మారిపోయి, కాసేపటికి అడుగున సున్నంలాంటి మడ్డి పేరుకుంటుంది. కాల్షియం వెళ్లి సల్ఫేట్‌తో కలిస్తే జిప్సం, ఫాస్ఫేట్‌తో కలిస్తే కాల్షియం ఫాస్ఫేట్ ఏర్పడతాయి, రెండూ మొక్కకు అందవు. వందరెట్ల చిక్కదనంతో చేసిన ద్రావణమైతే వంద లీటర్ల నీటిలో మొదటిది ఒక లీటరు పోసి, బాగా కలియబెట్టిన తరువాతే రెండోది ఒక లీటరు పోయాలి. నీటిలో పలచబడ్డాక అవి ఒకదాన్నొకటి పట్టుకోవు.

కొన్నాళ్లకు ఊరికి తిరిగి వచ్చాక మొదట చేయించినది నీటి పరీక్ష. ఆ విషయంలో మన డెల్టా చాలా అదృష్టవంతమైనదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. భీమవరం చుట్టుపక్కల ఆక్వా ల్యాబులకు కొదవ లేదు, లవణీయత, క్షారత, కాఠిన్యం, పీహెచ్ పరీక్షించడం వారికి నిత్యకృత్యం. మా బోరు నీటిలో పీహెచ్‌ను పెంచే బైకార్బనేట్లూ, ఉప్పులోని సోడియమూ రెండూ ఎక్కువగానే వచ్చాయి. బైకార్బనేట్లను ఫాస్ఫారిక్ ఆమ్లంతోనో నైట్రిక్ ఆమ్లంతోనో అదుపు చేయవచ్చు, సోడియానికి అలాంటి ఉపాయం లేదు. మొక్క దాన్ని తీసుకునేది చాలా తక్కువ కనుక, అదే నీరు మళ్లీ మళ్లీ తిరిగే ట్యాంకులో రోజురోజుకూ పేరుకుపోతుంది. ఈసీ మీటరు మాత్రం పోషకానికీ ఉప్పుకీ తేడా తెలియక బాగానే ఉందన్నట్టు చూపిస్తుంది.

మిగిలిన ఆధారాలు కాలువ నీరు, వాన నీరు. కాటన్ దొర హయాంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట పుణ్యమా అని మన కాలువల్లో తియ్యటి నీరు పారుతుంది, కానీ ఎండాకాలంలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. మాకు నీరు అత్యంత అవసరమైన కాలం కూడా సరిగ్గా అదే. అందువల్ల డాబా మీద పడే వాన నీటిని పట్టి నిలవ చేయడం, చాలకపోతే బోరు నీటిని ఆర్‌ఓ ద్వారా శుద్ధి చేసి కలుపుకోవడం నా పద్ధతి అయింది. మట్టి సాగుతో పోలిస్తే ఈ సాగుకు నీరు చాలా తక్కువ పడుతుంది కాబట్టే ఇది సాధ్యపడింది.

నీటి పరీక్షకు వెళ్లిన రోజుల్లోనే, మా పక్క చెరువు రైతు ఒకాయన నా పని గురించి ఆరా తీశారు. నేను చెప్పినదంతా విని ఆయన, “మాకు తెల్లారగట్ట ఆక్సిజన్ పడిపోద్దమ్మా. రొయ్య పైకి తేలిందంటే అప్పటికే ఆలస్యమైపోయినట్టు. మరి నీ మొక్కకి తేలడం కూడా రాదు కదా, నువ్వెలా కనిపెడతావు?” అన్నారు. “వేరు రంగు చూస్తానండి, బాబాయ్ గారూ” అన్నాను. “వేరు రంగు మారేదాకా ఎందుకూ, డీఓ మీటరు పెట్టుకో” అన్నారు. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే పరికరం అది. పట్నంలోని క్షేత్రంలో నీటిని చిల్లర్‌తో చల్లబరిచేవారు కనుక కరిగిన ఆక్సిజన్ మీద అంతగా దృష్టి పెట్టే అవసరం రాలేదు. ఇక్కడ అదే ప్రధాన సమస్య. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలదు, 30 డిగ్రీల నీటిలో అది ఏడున్నరకు తగ్గుతుంది. అదే వేడిలో వేరు శ్వాసకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి, పిథియం అనే వేరుకుళ్లు తెగులు కూడా వేడినీటిలోనే విజృంభిస్తుంది. చెరువులో నాచు వల్ల తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతే, వెలుతురు సోకకుండా మూసిన మా ట్యాంకులో మధ్యాహ్నం నీరు కాగినప్పుడు పడిపోతుంది. ఆ తేడా తెలిశాక, మధ్యాహ్నం పూట ఎక్కువ గాలి అందేలా ఎయిర్ పంపులు అమర్చుకున్నాను.

ఏ పద్ధతిని ఎంచుకోవాలన్నది కూడా ఈ వేడీ, కరెంటూ కలిసి తేల్చాయి. పైపుల్లో పలచటి పొరగా నీరు పారే ఎన్‌ఎఫ్‌టీ చూడ్డానికి అందంగా ఉంటుంది, సెటప్‌లు వేసే కంపెనీలు దాన్నే ముందు చూపిస్తాయి. అలాంటి ఒక సంస్థ ప్రతినిధి ఏడాది పొడవునా లెట్యూస్ (సలాడ్ ఆకు) వస్తుందని నాకు అంచనా కాగితం ఇచ్చారు. ఆ కాగితంలో మే నెల ఎండ గురించి గానీ, పంపు ఆగితే ఏమిటన్న దాని గురించి గానీ ఒక్క ముక్క లేదు. ఎండవేళ రెండు మూడు గంటలు పంపు ఆగితే ఆ పైపుల్లో వేళ్లు ఎండిపోతాయి. అందుకే నేను లోతు తొట్లను ఎంచుకున్నాను. అడుగు లోతు నీటిపై థర్మోకోల్ పలకలు తేలుతుంటాయి, వాటి రంధ్రాల్లో మొక్కలుంటాయి. కరెంటు పోయినా వేరు నీటిలోనే ఉంటుంది, అంత నీరు వేడెక్కడానికీ సమయం పడుతుంది, ఎయిర్ పంపులకు చిన్న ఇన్వర్టరు చాలు. పందిరి విషయంలో 1996 నవంబరు తుపానును చూసిన పెద్దల మాట విన్నాను. గాలి హెచ్చరిక రాగానే విప్పి చుట్టేయగలిగిన షేడ్‌నెట్‌తో, తక్కువ ఎత్తులో కట్టించాను.

నారుకు కావలసిన కొబ్బరి పొట్టు మన కోనసీమలోనే దొరుకుతుంది. డొక్కల నుంచి పీచు తీసే ఫ్యాక్టరీల దగ్గర అది గుట్టలుగా పడి ఉంటుంది. అయితే అది తెచ్చి నేరుగా వాడే సరుకు కాదు, దానిలో సోడియం, పొటాషియం పట్టుకుని ఉంటాయి. కారే నీటి ఈసీ 0.5 లోపుకు వచ్చేవరకు మంచినీటితో కడిగి, తరువాత కాల్షియం నైట్రేట్ ద్రావణంలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి వాడతాను. కాల్షియం వెళ్లి సోడియాన్ని తోసేసి దాని చోటులో కూర్చుంటుంది. ఈ పని చేయని పొట్టులో నారు మొలిచినా, రెండో ఆకు దగ్గరే నిలిచిపోతుంది.

పంటల విషయంలో నా అనుభవం సూటిగా చెబుతాను. డెల్టాలో లెట్యూస్ నవంబరు నుంచి ఫిబ్రవరి వరకే బాగుంటుంది, ఆ తరువాత కాడ తీసి చేదెక్కుతుంది. ఎండల్లో పుదీనా, బచ్చలి, తూటికూర నిలబడతాయి, కానీ మట్టిలో పండిన బచ్చలి రైతుబజారులో దొరికే ధరకు మేము ఇవ్వలేము. కాబట్టి ఎండాకాలంలో ఆదాయం ఆకు మీద కాక నారు మీద ఉండేలా ఏర్పాటు చేసుకున్నాను. కూరగాయల రైతులు అడిగిన రకాలను ప్రోట్రేలలో (నారు పెంచే గుంటల ట్రేలలో) పెంచి ఇస్తున్నాను. చలికాలపు ఆకును భీమవరం, రాజమహేంద్రవరం హోటళ్లు, క్యాటరింగ్ వారు తీసుకుంటారు. వారికి ప్రతి వారం ఒకే పరిమాణం కావాలి. లెట్యూస్ విత్తిన ఆరేడు వారాలకు కోతకు వస్తుంది గనుక, ప్రతి వారం విత్తుతూనే ఉండాలి. ఇది ఆర్గానిక్కా అని చాలామంది అడుగుతారు. కాదనే చెబుతాను. మేము వాడేవి ఖనిజ లవణాలు, వాటిని దాచిపెట్టి అమ్మడం నాకు సమ్మతం కాదు. శుభ్రంగా, వేరుతో సహా, కోసిన పూటే అందుతుందన్న కారణంతోనే కొనేవారు నాకు ఉన్నారు.

పెట్టుబడి కోసం అగ్రి క్లినిక్స్, అగ్రి బిజినెస్ సెంటర్స్ పథకాన్ని ఆశ్రయించాను. వ్యవసాయ, ఉద్యాన పట్టభద్రుల కోసం 2002లో మొదలైన ఈ పథకాన్ని రాజేంద్రనగర్‌లోని మేనేజ్ సంస్థ పర్యవేక్షిస్తుంది. దానికింద 45 రోజుల ఉచిత శిక్షణ, బ్యాంకు రుణంతో చేపట్టే ప్రాజెక్టు ఖర్చుపై సాధారణంగా 36 శాతం, మహిళలకు 44 శాతం రాయితీ ఉంటాయి. బ్యాంకులో తొట్లూ పలకలూ హామీకి పనికిరావన్నారు. నీటి పరీక్ష నివేదిక, రెండు హోటళ్లు రాసిచ్చిన కొనుగోలు పత్రాలు, నెలవారీ ఖర్చుల పట్టిక జతపరిచాక మాటల తీరు మారింది. యంత్రాల జాబితా కంటే అమ్మకపు పత్రాలకే వారు ఎక్కువ విలువ ఇచ్చారు.

ఇప్పుడు నా ఆదాయంలో మూడో భాగం ఇతరుల యూనిట్లను చూసిపెట్టడం ద్వారా వస్తోంది. సెటప్ వేయించుకున్నవారు చాలామంది ఉన్నారు, దాన్ని రోజూ నడపగలిగినవారు తక్కువ. అందుకే మా ఊరి అమ్మాయిలు ఇద్దరిని పనిలోకి తీసుకుని నేర్పుతున్నాను. పీహెచ్ మీటరును 4, 7 బఫర్ ద్రావణాలతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో) సరిచూసుకోవడం, దాని కొనను ఎండనివ్వకుండా నిల్వ ద్రావణంలో ఉంచడం వారు ముందుగా నేర్చుకున్నారు. రాబోయే సీజను నుంచి రాజమహేంద్రవరం వైపు యూనిట్లను వారే చూసుకుంటారు, వాటి రుసుము వారికే వెళుతుంది.