గోలీని (గోల్‌కీపర్‌ని) నాలుగో పిక్‌లో తీసుకుని నేను పడ్డ పాట్లు: హాకీ కీపర్ లీగ్‌లో నా అనుభవం

మొన్న ఆదివారం రాత్రి మా ఐస్ హాకీ ఫాంటసీ లీగ్ ఫైనల్ గెలిచాను. అసలు ఆటగాళ్ళతో ఊహా జట్లు కట్టుకుంటాం, వాళ్ళు నిజం మ్యాచుల్లో ఆడేదాన్ని బట్టి మాకు పాయింట్లు. పన్నెండు జట్లు. అందరం టొరంటో చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళమే. ఆటగాళ్ళని ఏటికేడు అట్టిపెట్టుకుంటాం, అందుకే కీపర్ లీగ్ అన్నాను. కొత్త కుర్రాళ్ళు మాత్రం ఎన్‌హెచ్‌ఎల్ (ఇక్కడి పెద్ద ఐస్ హాకీ లీగ్) డ్రాఫ్ట్, అంటే జట్లు వంతులవారీగా కొత్తవాళ్ళని ఎంచుకునే కార్యక్రమం, అయిన వారానికి మేం పెట్టుకునే ఐదు రౌండ్ల డ్రాఫ్ట్‌లోనే రావాలి. అట్టడుగున ఉన్న జట్టును తీసుకుని ఇక్కడిదాకా తేవడానికి ఆరేళ్ళు పట్టింది.

మొదటి పని సులువు. ముప్పై దాటినవాళ్ళని అమ్మేసి పిక్‌లు, అంటే డ్రాఫ్ట్‌లో ఎంచుకునే వంతులు, పోగేశాను. పాత పేరు చూసి ఎగబడేవాడు ప్రతి లీగ్‌లో ఒకడుంటాడు. మా దాంట్లో ఇద్దరున్నారు.

జాబితా రాసేటప్పుడు నేను ముందు చూసేది పుట్టినరోజు, గోల్స్ ఆ తర్వాతే. డ్రాఫ్ట్‌కి రావాలంటే ఆ ఏడు సెప్టెంబర్ 15కల్లా 18 నిండాలి. స్టార్ ఆటగాడు ఆస్టన్ మాథ్యూస్ పుట్టింది 1997 సెప్టెంబర్ 17న. రెండు రోజుల తేడాతో 2015 డ్రాఫ్ట్ తప్పిపోయి, 2016లో మొదటి పిక్‌గా వెళ్ళాడు. అంటే ఒకే డ్రాఫ్ట్‌లో దాదాపు ఏడాది పెద్దవాడూ చిన్నవాడూ పక్కపక్కనే ఉంటారు. ఇద్దరికీ 80 పాయింట్లే (గోల్స్, అసిస్ట్‌లు కలిపి) ఉంటే నేను చిన్నవాడిని తీసుకుంటాను. తర్వాత పవర్ ప్లే (ఎదుటి జట్టువాడు శిక్ష మీద బయటున్న సమయం) పాయింట్లు పక్కన పెడతాను. రెండో అసిస్ట్‌లకి, అంటే గోల్‌కి దారితీసిన చివరి పాస్‌కి ముందు పాస్‌కి వచ్చేవాటికి, సగం విలువే ఇస్తాను, అవి చాలావరకు తోటివాళ్ళ పుణ్యం. పెద్దవాళ్ళతో స్వీడన్ టాప్ లీగ్‌లో ఆడి తెచ్చిన పది పాయింట్లు నా లెక్కలో జూనియర్ పాయింట్ల కన్నా చాలా బరువు. పొట్టివాడని వదిలేయను. గోల్స్ బాగా కొట్టే ఐదడుగుల ఏడంగుళాల డెబ్రిన్‌కాట్ 2016లో 39వ పిక్ దాకా మిగిలాడు.

ఇంత తెలిసినవాణ్ణి రెండో ఏడు నాలుగో పిక్‌తో గోలీని తీసుకున్నాను. జట్టులో గోలీ లేడన్నదొక్కటే కారణం. పేరు టైప్ చేసిన అర నిమిషంలో వాట్సాప్ గ్రూపులో 'పాల డబ్బా కూడా కొను అన్నా' అని ఒకడు పెట్టాడు. వాడి మాటే నిజమైంది. గోలీ చేతికి రావడానికి నాలుగైదేళ్ళు పడుతుంది. పైగా పద్దెనిమిదేళ్ళ గోలీ ఎలా తేలతాడో ఎవరికీ అంతుపట్టదు. లుండ్‌క్విస్ట్ 2000లో 205వ పిక్, పెక్కా రిన్నే 2004లో 258, హెల్లెబక్ 2012లో 130, షెస్టర్కిన్ 2014లో 118. మంచి గోలీలు ఇలా అడుగునుంచి వస్తుంటే నేను ఖరీదైన పిక్ తగలేశాను.

పిక్ ఒక్కటే పోయుంటే సరిపెట్టుకునేవాణ్ణి. మా లీగ్‌లో ఒక్కో జట్టుకి కుర్రాళ్ళ కోసం పది చోట్లే. డ్రాఫ్ట్‌లో 60 పేర్లు పోతే అసలు డ్రాఫ్ట్‌లో 61 నుంచి వెళ్ళినవాళ్ళు చాలామంది ఎవరికీ చెందకుండా ఉంటారు. బ్రేడెన్ పాయింట్ అనే స్టార్ ఫార్వర్డ్ 79వ పిక్ అన్న సంగతి గుర్తు పెట్టుకోండి. డ్రాఫ్ట్ అయిన తర్వాతి సీజన్‌లో ఎవడు ఎదిగాడో నవంబర్‌కల్లా తెలిసిపోతుంది. అప్పుడు ఊరికే తెచ్చుకోవచ్చు, ఒక చోటు ఖాళీగా ఉంటే. నా దాంట్లో ఖాళీ లేదు, గోలీ తిష్ట వేశాడు. నాలుగో ఏడు నవంబర్‌లో ఒక ఫార్వర్డ్ కోసం చోటు చేయడానికి, మూడో రౌండులో తెచ్చుకున్న డిఫెన్స్‌మన్‌ని వదిలేశాను. డిఫెన్స్‌వాళ్ళు ఫార్వర్డ్‌ల కన్నా ఏడాదీ రెండేళ్ళూ ఆలస్యంగా పండుతారని తెలిసీ. లీగ్ నడిపే పెద్దమనిషి తెల్లారేసరికి వాణ్ణి ఎత్తుకుపోయాడు. 'రూల్ ప్రకారమే కదా తమ్ముడూ' అన్నాడు. రూల్ రాసిందీ ఆయనే. కొత్త లీగ్‌లో చేరేవాళ్ళు వదిలేసిన ఆటగాణ్ణి ఇంకొకరు తీసుకోడానికి ఎన్ని గంటల గడువుందో ముందు చదవండి. ఆ కాగితం మీద నేను కళ్ళు మూసుకుని సంతకం పెట్టాను.

ఉడుకుమోత్తనం తగ్గడానికి ఎన్‌హెచ్‌ఎల్ జట్టు బోస్టన్‌ని తలచుకుంటాను. 2015లో వరసగా 13, 14, 15 పిక్‌లు వాళ్ళవే. జ్బోరిల్, డెబ్రస్క్, సెనిషిన్‌లను తీసుకున్నారు. ఆ వెంటనే 16, 17, 18లో వెళ్ళినవాళ్ళు, తర్వాత స్టార్లయిన బార్జల్, కైల్ కానర్, షబాట్. జీతాలు తీసుకుని చేసేవాళ్ళకే అలా జరిగింది. 2017లో డల్లాస్‌కి మాత్రం ఒక్క డ్రాఫ్ట్‌లో హైస్కనెన్ 3, ఓటింజర్ 26, రాబర్ట్‌సన్ 39 దొరికారు. ఆ ముగ్గురితోనే 2023, 2024, 2025 మూడేళ్ళూ కాన్ఫరెన్స్ ఫైనల్ (అసలు ఫైనల్‌కి ముందు రౌండు) ఆడారు.

ఆ తర్వాత పది చోట్లలో రెండు ఎప్పుడూ ఖాళీగానే ఉంచాను. ఇవాళ నా మొదటి వరస ముగ్గురిలో ఇద్దరు అలా నవంబర్‌లో పైసా లేకుండా వచ్చినవాళ్ళే. మొన్నటి ఫైనల్లో నాకు ఎదురు పడింది ఆ పెద్దమనిషే. నేను వదిలేసిన డిఫెన్స్‌మన్ ఆ వారం నా మీదే నాలుగు అసిస్ట్‌లు కొట్టాడు. గెలిచింది రెండు పాయింట్ల తేడాతో.