వేప చిగురేసేదాకా

దసరా తర్వాత మొదలైన దగ్గు దీపావళి దాటినా తగ్గలేదు. ఉట్నూరులో చలికాలం దగ్గనివాళ్లెవరు అనుకున్నాను. ఒక ప్రైవేటు డాక్టరు సిరప్ రాసిచ్చాడు, అది అయిపోయాక ఇంకో సిరప్. నెలన్నర అట్లనే గడిచింది. రాత్రుళ్లు జ్వరం, చెమటకు జాకెట్ తడిసిపోయేది. చివరికి మా వీధి ఆశ వర్కరే తెమడ డబ్బీ చేతిలో పెట్టింది. టీబీ అని తేలేసరికి నా బరువు 38 కిలోలు.

డిసెంబరు మొదటి వారంలో మందులు మొదలుపెట్టారు. నాలుగు మందులు కలిపిన గోలీలు, నా బరువుకి రోజూ మూడు, పరగడుపున. మొదటిరోజే మూత్రం ఎర్రగా వస్తే రక్తమనుకుని ఏడ్చాను. మందు రంగు అదేనని ముందే ఒక్క మాట చెప్పి ఉంటే ఎంత బాగుండేది! కీళ్లు నొప్పులు, అన్నం చూస్తే వాంతి. కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పేశాను.

కంచాలతో, గ్లాసులతో ఇది అంటుకోదు, దగ్గితే గాలిలో వస్తుంది. ఆశ వర్కర్ ఎన్నిసార్లు చెప్పినా అత్తమ్మ నా స్టీలు గ్లాసుకి ఎర్రదారం కట్టింది, కలిసిపోకుండా. తిట్టేది కాదు, వండిపెట్టేది కూడా. కానీ ఆ దారం చూసినప్పుడల్లా నోట్లో ముద్ద దిగేది కాదు.

పగలంతా పెరట్లో ఎండ ఎటుంటే అటు మంచం జరుపుకోవడమే పని. చలి పొద్దున తొమ్మిదింటికి కూడా వదిలేది కాదు. జనవరి చివర పుష్య అమావాస్యకి కేస్లాపూర్‌లో నాగోబా జాతర. ఏటా పోయేదాన్ని. ఈసారి మా వాడకట్టు ఆడవాళ్లు పోతుంటే గోడ మీంచి చూశాను, అంతే.

ఆ వారమే రెండు నెలల పరీక్షలో తెమడలో క్రిములు లేవని వచ్చింది. ఇంట్లో అందరికీ సంతోషం. నాకేమో ఏమీ అనిపించలేదు. గోలీలు నాలుగు మందుల నుంచి మూడు మందులకి మారాయి, కానీ ఇంకా నాలుగు నెలలు మింగాలి. బాగైందనిపించి మధ్యలో మానేస్తే మందులకు లొంగని టీబీగా మారొచ్చని హెచ్చరించారు. నాకైతే బాగైనట్టే లేదు, ఇంక మానేదెక్కడ?

శివరాత్రికి చలి శివశివా అంటూ పోయింది. సరిగ్గా అప్పుడే పెరట్లో వేపచెట్టు ఆకులన్నీ రాల్చేసింది. పొద్దున ఊడిస్తే సాయంత్రానికి మళ్లీ పసుపుపచ్చ దుప్పటి. ఏటా చూసేదే, అయినా ఈసారి భయమేసింది. రోజూ లేవగానే కొమ్మలు చూసేదాన్ని. ఊరి బయట మోదుగు పూసిందని పిల్లలు చెప్పారు. మా వేప మాత్రం మోడు.

మార్చి రెండో వారం అనుకుంటా, మంచానికి దగ్గరగా వంగిన కొమ్మ చివర గోరంత చిగురు కనబడింది. రాగి రంగులో, నూనె రాసినట్టు మెరుస్తోంది. ముట్టుకుంటే పసిపిల్ల చెవిలా ఉంది. ఆ మధ్యాహ్నమే వంటింట్లోంచి పచ్చిపులుసు పోపు వాసన వచ్చింది, కడుపులో ఏదో మెలితిరిగింది. వాంతేమో అని లేచి కూర్చున్నా. కాదు, ఆకలి! మూడు నెలలైంది, గుర్తుపట్టడానికే కొంచెం టైమ్ పట్టింది.

"అత్తమ్మా, ఇంత అన్నం పెట్టు" అన్నాను.

ఆమె గరిటె పట్టుకుని అట్లనే బయటికొచ్చి నా మొహం చూసింది. "ఏందీ, నువ్వడిగినవా?"

మార్చి 30న ఉగాది. అప్పటికి 43 కిలోలయ్యాను. కొత్త కుండలో చేసిన పచ్చడి అత్తమ్మ గ్లాసుల్లో పోసి అందరికీ ఇచ్చింది. నా చేతికొచ్చిన గ్లాసుకి ఎర్రదారం ఇంకా ఉంది, సబ్బుకి వెలిసి తెల్లబారింది. ఆమె చూసుకోలేదు. వేపపూత మా చెట్టుదే, కొంచెం ఎక్కువే వేసింది. తాగేసి గ్లాసు చాపాను, ఇంకొంచెం పొయ్యమని.