గరువు మీద మోటోక్రాస్ ట్రాక్: ఈ నెల ఎంతవరకు వచ్చింది

మట్టి నేల మీద బైకు రేసులు (మోటోక్రాస్) ఆడే ఎంఎక్స్ బైక్స్ కంప్యూటర్ గేమ్ కోసం చేస్తున్న ట్రాక్‌లో ఈ నెల నేల పని చాలావరకు తెమిలింది. చెట్లు, కంచె, స్టార్టింగ్ గేట్ ఇంకా ముట్టుకోలేదు. విజయనగరం దగ్గరి నెల్లిమర్ల మీదుగా రామతీర్థం వెళ్లేవాళ్లు రోజూ చూసే నేలే: కొండ కింద ఎర్రటి గరువు (మెట్ట నేల), జీడిమామిడి తోటలు, మధ్యలో వానలు పడితే తప్ప పారని గెడ్డ (వాగు). అచ్చంగా ఫలానా చోటని కాదు. రామతీర్థంలోని బోధికొండ, గురుభక్తులకొండల జోలికి మాత్రం పోలేదు. బౌద్ధ, జైన అవశేషాలున్న కొండల మీదికి బైకులు ఎక్కించడం గేమ్‌లో అయినా నాకు నచ్చదు. అవి దూరంగా కనబడితే చాలు.

వాలు ఎటో తెలియడానికి ఇస్రో మ్యాపుల సైటు భువన్‌లో దొరికే నేల ఎత్తుల డేటా, కార్టోడెమ్, తీసుకున్నాను. అందులో 30 మీటర్లకు ఒక ఎత్తు చొప్పున ఉంటుంది, అంటే కిలోమీటరుకు ముప్పై చిల్లర బిందువులు. గెడ్డ ఎటు పోతుందో చెబుతుంది గానీ బైకు తోలడానికి పనికిరాదు. దాన్ని క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో, బిందువుల మధ్య నునుపుగా నింపే క్యూబిక్ పద్ధతిలో సాగదీసి 2049 × 2049 హైట్‌మ్యాప్ (ఒక్కో బిందువు ఎత్తు రాసి ఉండే ఫైలు) చేశాను. గళ్లు 2048 అయితే వాటి అంచులు 2049 అవుతాయి, ఆ ఒకటి అందుకే. నేల వెడల్పు 1024 మీటర్లు కాబట్టి బిందువుకీ బిందువుకీ మధ్య అర మీటరు. 4097 పెడితే పావు మీటరుకు దిగొచ్చు, కానీ ఫైలు 8 ఎంబీ నుంచి 33 ఎంబీకి పోతుంది. నా ల్యాప్‌టాప్‌కు అంత ఓపిక లేదు.

కొత్తగా చేసేవాళ్లు ఒక్కటి పట్టించుకోండి. హైట్‌మ్యాప్ 16 బిట్లలోనే ఉండాలి. 8 బిట్లయితే ఎత్తుకు 256 మెట్లే దొరుకుతాయి. మొత్తం ఎత్తు 50 మీటర్లనుకుంటే ఒక్కో మెట్టు దాదాపు 20 సెంటీమీటర్లు, చక్రం ప్రతి మెట్టుకీ తన్నుకుంటుంది. 16 బిట్లలో 65,536 మెట్లు, ఒక్కోటి మిల్లీమీటరు కూడా ఉండదు. రా ఫైలు తెరిస్తే నేలంతా మేకులు దిగేసిన చెక్కలా కనిపించిందా, బైట్ ఆర్డర్ (ఒక్కో ఎత్తులోని రెండు బైట్ల వరస) తిరగబడిందన్నమాట. దాన్ని మార్చి మళ్లీ సేవ్ చేస్తే సరి.

ఇక అసలు సంగతి, జంపులు. గెడ్డకు ఇవతల పెద్ద టేబుల్‌టాప్ (పైన చదునుగా ఉండే జంపు) ఒకటి వేశాను. ఎక్కే వాలు తిన్నగా కాకుండా 18 మీటర్ల వ్యాసార్థంతో వంపు తిరిగి, చివర 25 డిగ్రీలకు చేరుతుంది. అంటే ఏడున్నర మీటర్ల పొడవులో 1.7 మీటర్లు లేస్తుంది. గాలి ఒరిపిడి వదిలేసి లెక్క కడితే, గంటకు 50 కిలోమీటర్లతో వచ్చినవాడు 1.2 సెకన్లు గాల్లో ఉండి 15 మీటర్ల అవతల పడతాడు. 40తో వస్తే 10 మీటర్లు కూడా దాటడు. అందుకే పైన చదును 12 మీటర్లు పెట్టాను. వేగంగా వచ్చినవాడికి దిగే వాలు దొరుకుతుంది. నెమ్మదిగా వచ్చినవాడు చదును మీద దబ్బున పడినా బతికిపోతాడు. ఇదే చోట మధ్యలో గొయ్యి ఉన్న డబుల్ పెడితే వాడు ఎదుటి గట్టును గుద్దుకునేవాడు.

జంపు బాగుందా లేదా అన్నది ఎక్కే వైపు కంటే దిగే వైపే తేలుతుంది. ఎగిరిన ఎత్తుకే తిరిగొచ్చేసరికి బైకు 25 డిగ్రీల కోణంలో కిందికి వస్తుంటుంది. అక్కడి నేల కూడా దగ్గరదగ్గరగా అంతే వాలితే సస్పెన్షన్‌కు పెద్దగా తెలియదు. చదును మీద పడితే మాత్రం 1.75 మీటర్ల ఎత్తు నుంచి నిలువుగా జారవిడిచినట్టే. మోటోక్రాస్ బైకు ఫోర్కు (ముందు చక్రం సస్పెన్షన్) కదిలేది 30 సెంటీమీటర్లు. అందుకే పెద్ద జంపులన్నీ గరువు దిగే వైపే పెట్టాను, వాలులో కొంత నేలే ఇచ్చేస్తుంది. ముందు నేలంతా చదును చేసి ఆ మీద జంపులు గుచ్చే పద్ధతి నాకు గిట్టదు. స్టేడియంలోకి లారీలతో మట్టి తోలి పోసే సూపర్‌క్రాస్‌కు అది సరిపోతుంది. మోటోక్రాస్‌కు కొండ వాలే ప్రాణం.

హైట్‌మ్యాప్‌ను దిద్దడానికి కృతా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో నునుపు చేసే బ్రష్ వాడేటప్పుడు జంపు మొదట్లో ఎంత రుద్దినా ఫర్వాలేదు, పై అంచు దగ్గరికి మాత్రం పోనివ్వకండి. అంచు కాస్త గుండ్రబడితే 25 డిగ్రీలు కాస్తా తగ్గిపోయి బైకు లేవదు.

గెడ్డ దాటాక ఎడమ మలుపు. 10 మీటర్ల వ్యాసార్థంలో గంటకు 30 కిలోమీటర్లతో తిరగాలంటే, టైరు పట్టు మీద ఆధారపడకుండా నేల 35 డిగ్రీలు వాలి ఉండాలి. రెండు మీటర్ల వెడల్పుకు 1.4 మీటర్ల గట్టు అన్నమాట. ఎడిటర్‌లో పై నుంచి చూస్తే ఇది ఏమీ అనిపించదు. బైకు మీద కూర్చుని చూస్తే గోడలా ఉంటుంది. మా బావమరిది కంట్రోలర్ పట్టుకుని మొదటిసారి అక్కడికి రాగానే "ఏటి బావా ఇది, చెరువు గట్టు మీదికి తోలుతున్నావేటి!" అన్నాడు. రెండో ల్యాప్‌కే గట్టు పట్టుకుని బ్రేకు వేయకుండా తిరిగాడు.

వూప్స్ (వరసగా వచ్చే చిన్న మట్టి దిబ్బలు) మూడున్నర మీటర్ల ఎడంలో, అర మీటరు ఎత్తుతో వచ్చాయి. అర మీటరు గ్రిడ్‌లో ఒక్కో వూప్‌కు ఏడు బిందువులే వస్తాయి, అంతకంటే దగ్గరగా వేస్తే కోసుగా తేలతాయి. చక్రాల గాడులైతే ఈ గ్రిడ్‌లో అసలు ఇమడవు. వాటికి నేల మీద పరిచే బొమ్మతో (టెక్స్‌చర్) సరిపెట్టాను. రేస్ సాగేకొద్దీ గేమ్ తనే నేలను తొలుస్తుంది కాబట్టి మిగతాది దానికే వదిలేశాను.

మట్టి రంగు ఇంకా కుదరలేదు. తూర్పు కనుమల ఖోండలైట్ రాయి అరిగి వచ్చే ఎరుపు వేరు, ఇంటర్నెట్‌లో దొరికే రెడీమేడ్ ఎరుపు వేరు. అది ఇటుక పొడి. ఎండినప్పుడు గరువు కాస్త నారింజ వైపు తిరుగుతుంది, తడిస్తే ముదురుతుంది. గెడ్డ పక్కన తడి మట్టి, పైన పొడి మట్టి అని రెండు పొరలు వేస్తున్నాను, రెండింటికీ పట్టు వేరువేరుగా ఇస్తాను. ఆ ఎడమ మలుపు తడి పొరలోకి వస్తుంది కాబట్టి గట్టు ఎత్తు మళ్లీ చూసుకోవాలి.