నాట్లు పడ్డాక రాజన్న దగ్గరికి

మొన్న సోమవారం వేములవాడ రాజన్న, అంటే రాజరాజేశ్వర స్వామి గుడికి వెళ్ళి, కోడెను గుడి చుట్టూ తిప్పి కట్టేసే కోడె మొక్కు చెల్లించి వచ్చాం. నా గోళ్ళ సందుల్లో నాటు బురద ఇంకా పూర్తిగా పోలేదు.

మాది కమలాపూర్ దగ్గర, కాకతీయ కాలువ చివరి భూములు. నీళ్ళు మా దాకా వచ్చేసరికి ఎప్పుడూ ఆలస్యమే. ఈసారి మృగశిర కార్తె మొదట్లో ఒక మంచి వాన పడితే ఆశపడి తుకం పోశాం, అంటే వరి నారు కోసం విత్తనాలు చల్లాం. ఆ తర్వాత ఆరుద్ర అంతా ఎండే. బోరు పావుగంట పోసి ఆగిపోయేది. నారుకు 25 రోజులు నిండాయి, 30 దాటాయి. ముదిరిన నారు వేస్తే పిలకలు సరిగ్గా రావు. ఇంట్లో అందరికీ అదే టెన్షన్. ఒక సాయంత్రం అత్తమ్మ నారుమడి ఒడ్డున కూర్చొని, "రాజన్నా, నాటు పడనియ్యి, నీకు కోడెను కడతం" అని పసుపు గుడ్డలో రూపాయి ముడుపు కట్టింది.

పునర్వసులో వాన పట్టుకుంది. మూడు రోజులు తెరపి లేదు. పొలాన్ని బురదగా దున్ని కరిగట చేసి, కూలీలు చాలకపోతే మేమే వంగి, 3 ఎకరాలు పూర్తి చేశాం. ఆఖరి మడి అయిన రోజే అత్తమ్మ ముడుపు తీసి సంచిలో పెట్టుకుంది.

కరీంనగర్‌లో బస్సు మారి వేములవాడ చేరేసరికి మళ్ళీ వాన. సోమవారం కదా, జనమే జనం. పక్క నుంచి వచ్చి ముందుకు దూరేవాళ్ళను చూస్తే నోట్లో ఉన్న శివనామం ఆగిపోయి కోపం వచ్చేది. పసిపిల్లలను ఎత్తుకున్నవాళ్ళను కూడా తోస్తారా?

కోడెను పట్టుకొని గుడి చుట్టూ తిరుగుతుంటే సగం దూరంలో అది మొండికేసింది. నేల జారుతోంది. అత్తమ్మ తడిసి వణుకుతోంది, అయినా పలుపు వదలనంటుంది. మా వెనక గొంగడి కప్పుకున్న ఒక ముసలాయన ముందుకు వచ్చి కోడె వీపు నిమిరాడు. చెవి దగ్గర ఏదో అన్నాడు. అది కదిలింది. గొంగడి తీసి అత్తమ్మ మీద కప్పాడు.

"మరి నీకో తాతా?" అన్నాను.

"నాకు వాన కొత్తనా బిడ్డా. మీకు నాట్లు పడ్డయా?"

పడ్డాయని చెప్పాను. ఆయనది మేడిపల్లి వైపట. ఊరి చెరువులోకి ఇంకా నీళ్ళు రాలేదు, నారు మడిలోనే ఉంది. "గందుకే అచ్చిన" అన్నాడు. మాకు పడిన వాన ఆయనకు పడలేదు. అయినా మా నాట్లు పడ్డాయంటే ఆయన ముఖం వెలిగింది. కోడెను కట్టేసే దాకా మాతోనే నడిచాడు. గొంగడి తిరిగి ఇచ్చేటప్పుడు అత్తమ్మ ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

లోపల రాజన్న కనిపించింది రెండు క్షణాలే. దీపాల వెలుగు, తడి బిల్వపత్రాలు, వాటి కింద లింగం. నేను మా పొలం గురించి ఏమీ అడగలేదు. "ఆ తాత చెరువు నింపు స్వామీ" అన్నాను. అంతలో "జరగండి, జరగండి" అంటూ బయటికి పంపేశారు. తీర్థానికి చెయ్యి చాస్తే గోళ్ళలో బురద కనిపించి సిగ్గేసింది. తర్వాత అనిపించింది, ఆ బురద కూడా ఆయన ఇచ్చిందే కదా అని.

బద్ది పోచమ్మ అమ్మవారికి దండం పెట్టుకొని చివరి బస్సుకు బయల్దేరాం. ఆ తాత పేరు అడగనే లేదు.

ఈ రాత్రి కూడా మా ఊళ్ళో వాన పడుతోంది. మా ఆయన టార్చి పట్టుకొని ఒడ్లు చూడటానికి పోయాడు. అత్తమ్మ గడపలో కూర్చొని, మేడిపల్లి ఎటువైపు వస్తుందని ఇప్పటికి రెండుసార్లు అడిగింది.