ఎనభై ఆరు వరద: అమ్మ మాట, మావయ్య మాట

మా చుట్టాల్లో ఎవరి పెళ్లి జరిగినా, భోజనాలయ్యాక మాటలు ఎనభై ఆరు వరద దగ్గరికే వస్తాయి. 1986 ఆగస్టు 16న భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. కింద కోనసీమ లంకల్లో ఉన్న అమ్మమ్మగారి ఊరు మునిగింది. పడవ వచ్చి మమ్మల్ని తీసుకెళ్లిందని అమ్మ అంటుంది. పడవా గిడవా ఏదీ రాలేదు, అరటి బోదెల తెప్ప మీద గట్టెక్కామని మావయ్య. ఇద్దరూ ఒట్టేసి మరీ చెబుతారు.

నాకప్పుడు ఆరేళ్లు. ఎర్ర గౌను వేసుకుని, అటక మీద ధాన్యం బస్తాల పక్కన కూర్చున్నట్టు గుర్తు. కానీ ఆ దృశ్యంలో నా మొహం నాకే కనిపిస్తోంది! ఆ రోజు నా కళ్లతో నేను చూసింది అది కాదు కదా. పాత జ్ఞాపకాల్లో ఇలా మనల్ని మనం బయటినుంచి చూసుకోవడం చాలామందికి ఉండేదేనట. అంటే అందులో కొంత తర్వాత కట్టుకున్నదే.

ఒక సంఘటన మొత్తం మెదడులో ఒకే చోట ఉండదు. చూసింది తల వెనక భాగంలో, విన్నది చెవుల పక్క భాగాల్లో ఉంటుంది. భయం బలంగా నాటుకోవడానికి మెదడు లోపల ఉండే అమిగ్డలా అనే చిన్న భాగం సాయపడుతుంది. వీటి మధ్య లంకె వేసేది హిప్పోక్యాంపస్ అనే మరో భాగం. ఒక వాసనో మాటో తగలగానే అది ఆ ముక్కలన్నిటినీ కలిపి కదిలిస్తుంది. ఖాళీలుంటే మనకు తెలిసినవి, ఇతరులు చెప్పినవి వచ్చి చేరతాయి. గుర్తు చేసుకున్న ప్రతిసారీ ఇదంతా మళ్లీ జరుగుతుంది కాబట్టి, పోయినేడు పెళ్లిలో విన్న మాట కూడా 1986లోకి వెళ్లి కూర్చోగలదు.

అదే ఏడాది జనవరి 28న అమెరికాలో ఛాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయింది. ఆ వార్త ఎక్కడ, ఎలా విన్నారో మర్నాడే అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయం విద్యార్థులతో మనస్తత్వవేత్త ఉల్రిక్ నైసర్ రాయించారు. సుమారు రెండున్నరేళ్లకు మళ్లీ అడిగితే, 44 మందిలో 11 మంది ముఖ్యమైన వివరాలన్నీ తప్పు చెప్పారు. చాలామంది ఎంతో నమ్మకంగా చెప్పారు. తమ చేతిరాతే ముందు పెట్టినా పాత జ్ఞాపకం తిరిగి రాలేదు. ఇది చదివాక నాకు అమ్మ మీదా మావయ్య మీదా ప్రేమ ఇంకాస్త పెరిగింది. ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడటం లేదు.

అందుకే ఇప్పుడు పెద్దవాళ్లందరినీ విడివిడిగా కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డు చేస్తున్నాను. పడవ గురించి అసలు అడగను. "ఆ రాత్రి ఏం తిన్నావమ్మా?" అని అడిగితే, బడిలో పంచిన పులిహోర పొట్లంలో సగం దూడకి పెట్టి అమ్మమ్మ చేత తిట్లు తిన్నానని చెప్పింది. ఇన్నేళ్లలో ఏ పెళ్లిలోనూ ఈ మాట బయటికి రాలేదు. దూడ పేరు కూడా గుర్తొచ్చింది, గౌరి. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది.

మావయ్య వంతు సంక్రాంతికి. అమ్మ చెప్పింది ఆయన చెవిన పడనివ్వొద్దని ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పి ఉంచాను.