చూడ్డానికి బాగానే ఉన్నారుగా
"కుర్చీ దేనికండీ, చూడ్డానికి బాగానే ఉన్నారుగా?" అని కౌంటర్ దగ్గర ఆయన అడిగేసరికే నా ఎడమ కాలు నాది కానట్టుంది.

క్యూ చిన్నదే. ఉక్కపోత, అంతే. ఒంట్లో వేడి అర డిగ్రీ పెరిగినా నాకు కుడి కంట్లో అక్షరాలు అలుక్కుపోతాయి. దీన్ని ఊట్‌హోఫ్ అనే జర్మన్ కంటి డాక్టర్ 1890లోనే రాసిపెట్టాడు. నరాల మీది మైలిన్ పొర దెబ్బతిన్న చోట వేడికి సిగ్నల్ తడబడుతుంది. ఒళ్లు చల్లబడితే సర్దుకుంటుంది. ఇదంతా క్యూలో నిలబడి ఎలా చెప్పను?

"మల్టిపుల్ స్క్లెరోసిస్ అండీ, ఎంఎస్ అంటారు" అన్నాను.

"అంటుకుంటుందా?" అంటూ ఒక అడుగు వెనక్కి వేశారు. నిజం చెప్పొద్దూ, నవ్వొచ్చింది. అంటుకోదండీ, మన రోగనిరోధక వ్యవస్థే మన నరాల మీద పడుతుంది, అంతే అన్నాను.

ఈలోగా వెనకాల ఉన్న అమ్మాయి ఏమీ అడక్కుండా ఎక్కడినుంచో కుర్చీ లాక్కొచ్చింది.

మే 30న ప్రపంచ ఎంఎస్ దినోత్సవమని ఎంత పెద్ద పోస్టు పెట్టానో మీకు గుర్తుండే ఉంటుంది! అదే నేను, ఇవాళ కుర్చీ అడగడానికి పది నిమిషాలు తటపటాయించాను.

ఇంటికొచ్చి మెడ మీద తడి టవల్ వేసుకుని ఇది టైప్ చేస్తున్నా. అక్షరాలు ఇప్పుడు బాగానే కనబడుతున్నాయి.